జోయెల్ రక్తంలో లేనిది

నా కొడుకు జోయెల్‌కు నాలుగేళ్లు. మాది కొమరోలు పక్కన పల్లె. ఒక్క ఏడాదిలో వాడికి మూడుసార్లు నెమ్ము చేసింది. చెవుల్లో చీము ఆగేదే కాదు. మూడోసారి గిద్దలూరులో పిల్లల డాక్టరు వాడి నోట్లో టార్చి వేసి చాలాసేపు చూశాడు. "గొంతులో టాన్సిల్స్ కనపడట్లేదమ్మా. ఇది మామూలు నెమ్ము కాదనిపిస్తోంది" అని, రోగనిరోధక శక్తి లోపాలు చూసే హైదరాబాదు డాక్టరమ్మ దగ్గరికి చీటీ రాసిచ్చాడు.

మా ఆయన పనికి పోక తప్పదు కాబట్టి అమ్మ తోడొచ్చింది. పొద్దున ఆరింటికి గిద్దలూరులో హైదరాబాదు బస్సెక్కాం. వాడికి మాస్కు కట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎవరు దగ్గినా వాడి మొహం నా వైపు తిప్పుకునేదాన్ని. ఇలాంటి పిల్లలతో వెళ్లేవాళ్లు తలుపుకు దూరంగా సీటు చూసుకోండి, తోపులాట తప్పుతుంది.

మార్కాపురంలో ఎక్కిన దొనకొండ పెద్దామె మా పక్కన కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు జోయెల్ చేతిలో పెట్టబోయింది. నేను అడ్డుపడ్డాను.

"ఏంది పాపా, నా చేతిది తినరా మీరు?"

"అట్ల కాదు పెద్దమ్మా. వానికి ఏది తగిలినా జబ్బు చేస్తాంది. బయటి తిండి పెట్టొద్దన్నారు."

ఆమె మూట ముడేసుకుని లేచింది. "నాకూ రెండు దినాల నుంచి జలుబుంది తల్లీ. నేను ఎనక కూచుంటాలే" అని వెళ్లిపోయింది.

మాచర్ల దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మధ్యాహ్నం మూడు దాటాక హైదరాబాదులో దిగి, ఆసుపత్రి ఎదుటి సందులో లాడ్జిలో గది తీసుకున్నాం.

మర్నాడు డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ చూసింది. అవి తప్పకుండా పట్టుకెళ్లండి. తర్వాత నన్ను అడిగింది: "మీ అమ్మగారి వైపు చిన్నప్పుడే పోయిన మగపిల్లలు ఉన్నారా?"

నాకు ఇద్దరు అన్నలుండేవారని తెలుసు. వాళ్లు ఎలా పోయారో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అమ్మే చెప్పింది.

"ఇద్దరు పోయినారమ్మా. పెద్దోడు నడక నేర్వకముందే పోయినాడు. రెండోవాడు అచ్చం ఇట్లనే దగ్గి దగ్గి పోయినాడు. మా అత్త నా పాలల్లో విషముందనె."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "విషం కాదమ్మా. ఇది పుట్టుకతో వచ్చే లోపం. తల్లి నుంచి వస్తుంది, జబ్బు మగపిల్లలకే చేస్తుంది. మీరు చేసిన తప్పేమీ లేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురి దగ్గరా రక్తం తీశారు. కొంత పరిశోధనకు వాడుకోవచ్చా అని అడిగితే, నాకంటే ముందు అమ్మే "తీసుకోండి" అంది.

రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు లాడ్జి గది దాటలేదు. జోయెల్ రక్తంలో రోగాలతో పోరాడే పదార్థం దాదాపు లేదన్నారు. దాతల రక్తం నుంచి తీసిన మందును నెలనెలా సెలైన్‌లా ఎక్కించాలన్నారు. తమను అడగకుండా ఏ టీకా వేయించవద్దన్నారు.

"ఎన్నేళ్లు మేడమ్?"

"జీవితాంతం. కానీ బడికి పోతాడు, ఆడుకుంటాడు."

ఆ రోజే మందు మొదలుపెట్టారు. మొదటిసారి మందు ఎక్కుతుండగా వాడికి వణుకు పుట్టింది. నర్సు వేగం తగ్గించి పక్కనే నిలబడింది. వణుకు తగ్గేదాకా నేను వాడి పాదాలు వదల్లేదు.

మర్నాడు తిరుగు బస్సెక్కాం. త్రిపురాంతకంలో ఉన్న మా చెల్లెలు సుజాతకు ఏడో నెల. తన రక్తం కూడా చూడాలని డాక్టరమ్మ చెప్పింది. ఎలా చెప్పాలో తెలియక ఫోను తీయడం, దించడం చేస్తున్నాను. సాగర్ దగ్గర అమ్మ ఫోను లాక్కుంది. అంతా చెప్పింది. సుజాత ఏడుపు నాకూ వినబడింది.

"మగపిల్లోడైతే ఏంది గతి అమ్మా?"

"మగపిల్లోడైతే పుట్టినప్పుడే రక్తం చూస్తారంట. జబ్బు చేయకముందే మందు పెడతారంట. మీ అన్నలకు అది లేకపాయె. ఆదివారం వస్తా. నేనే నిన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి పిల్చుకపోతా."

వచ్చే నెల మళ్లీ ఇదే దారి, ఆ తర్వాతా ఇదే. భయం పోయిందని చెప్పను. ఎర్రగొండపాలెం దగ్గర జోయెల్ తుమ్మాడు. అమ్మా నేనూ ఒకేసారి వాడి నుదుటి మీద చెయ్యి వేశాం. చల్లగానే ఉంది.