ఖాళీ నోటితో వెళ్లిన పిల్లి

తొంభైల చివర్లో మాదాపూర్ గుట్టల్ని పేల్చి రోడ్లు వేస్తుండేవారు. ఎర్రజెండా పట్టుకున్న మనిషి ముందుగా బస్సుల్ని ఆపేవాడు. అతను ఈల వేస్తేనే మందు పేల్చేవారు.

ఓ పొద్దున లింగంపల్లి నుంచి వస్తున్న మా బస్సూ అలాగే ఆగింది. నా పక్క సీట్లోని పెద్దావిడ గుట్టవైపు చూసి చటుక్కున దిగింది. ఏమిటా అని నేనూ దిగాను. బండల సందులోంచి ఒక అడవిపిల్లి తన కూనను నోట కరుచుకుని అవతలి పొదల్లోకి పోతోంది.

"జర ఆగు బిడ్డా, పిల్లలను తీస్కపోతున్నది," అందామె జెండా మనిషితో.

"పోయింది గదమ్మా. ఇగ సీటీ కొడ్త," అని అతను ఈల తీశాడు.

"ఇంక ఉన్నయేమో! అది ఖాళీ నోటితోని పోయేదాంక ఆగు. మీ సారు అడిగితే నన్ను సూపెట్టు."

అతని చేతిలోని జెండా తీసుకుని తనే రోడ్డుకు అడ్డంగా నిలబడింది. "ఆఫీసుకి టైమైపోతోందండీ!" అని బస్సులోంచి ఎవరో అరిచినా తల తిప్పలేదు.

పిల్లి మళ్లీ వచ్చి ఇంకో కూనను తీసుకెళ్లింది. ఆ తర్వాత కూడా వచ్చింది. సందులో తలపెట్టి చూసి, ఖాళీగా వెళ్లిపోయింది.

"ఇగ కొట్టు," అని ఆమె జెండా ఇచ్చేసి వచ్చి కూర్చుంది. గుట్ట పేలి బస్సు అద్దాలు అదిరినప్పుడు కూడా ఆమె పొదలవైపే చూస్తోంది.

ఆ తర్వాతి ఏళ్లలో నిజాంపేటలో మేం చాలా అద్దె ఇళ్లు మారాం. ప్రతిసారీ సామాను మొత్తం లారీ ఎక్కాక నేనొకసారి లోపలికెళ్లి గదులన్నీ చూసి వస్తాను.

"ఏం మర్చిపోయారండీ?" అంటుంది మా ఆవిడ.

"ఏం లేదు," అని ఖాళీ చేతులతో లారీ ఎక్కుతాను.