భుజం మీద చెయ్యి

మా డిప్యూటీగారి స్నానపు తొట్టి మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. రేకు తొట్టి. కావడి బద్దకు కట్టి ఇద్దరు మనుషులు మోయాలి. ఘాటీ దారిలో బండకు తగిలినప్పుడల్లా గుడి గంటలా మోగేది, భక్తి మాత్రం కలిగేది కాదు. లంబసింగి చలిలో, దుప్పట్లోంచి ముక్కు బయటపెట్టడానికే జంకే వేళ, దొరల మాదిరి తొట్టిలో కూర్చుని నీళ్ళోసుకోవాలని ఆయన సరదా. మోసేది వేరేవాళ్ళు కనక ఆ సరదా చాలాకాలం నిలిచింది.

అప్పటికి తెల్లదొరల మీద మన్యం చేసిన పితూరీ అణిగి ఏడాదో రెండేళ్ళో. నేను బి.ఎ. ప్యాసై, అంత చదువుకు తగ్గట్టే, కొండల్లో ఆయన వెంట కాగితాల కట్టలతో తిరిగే గుమాస్తానయ్యాను. పన్నులు చూసేదీ ఆయనే, మేజిస్ట్రేటూ ఆయనే. గుడారం ఎక్కడ వేస్తే అదే కచేరీ.

డుంబ్రిగుడ మకాంలో ఒక పొద్దున కానిస్టేబులు ఒక కొండ రైతును చేతులు కట్టి తీసుకొచ్చాడు. నేరాలు రెండు. లైసెన్సు లేకుండా పెరట్లో గంజాయి మొక్కలు పెంచడం ఒకటి, అరెస్టయ్యాక పారిపోవడం ఇంకొకటి. మొదటిది ఏ చిన్న శిక్షతోనో పోవచ్చు. రెండోదానికి రెండేళ్ళ దాకా జైలు. వెనకాలే అతని భార్య వచ్చి గుడారం తాడు పక్కన నిలబడింది, నడుముకు కొడవలి దోపుకుని. కొండవాలున వాళ్ళ చోడి చేను, అంటే రాగి చేను, కోతకొచ్చింది. ఆ ఇంట్లో కోసే చేతులు ఈ ఇద్దరివే. పైగా మైదానం జైలుకు వెళ్ళిన కొండ మనిషి తిరిగొచ్చాడని ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పగా నేను వినలేదు.

గంజాయి సంగతి అతను దాచలేదు.

"ఉన్నాయి బాబూ. పసరానికి కడుపుబ్బితే ఆకు నూరి పోత్తాం. మా ముసిలి అయ్య పీలుత్తాడు."

"తప్పని తెలీదా?" అన్నారు డిప్యూటీగారు.

"మొక్క కదా బాబూ."

"ముద్దాయి ఒప్పుకున్నాడు" అని రాశాను. కచేరీ భాషలో పెడితే ఎంత మాటైనా పొట్టిదైపోతుంది.

కానిస్టేబులు మైదానం మనిషి. తన వంతు రాగానే ఎర్ర తలపాగా సర్దుకుని నిలబడ్డాడు. "భుజం మీద చెయ్యి వేశానండి. వేశానో లేదో, జింకలా దూకి అడివిలో పడ్డాడండి. మళ్ళీ దొరికేసరికి నా చెప్పులు పోయాయండి."

చట్టం అతని పక్షానే ఉంది. ఒంటి మీద చెయ్యి పడితే అరెస్టు జరిగినట్టే. చెప్పుల గురించి చట్టం ఏమీ అనలేదు.

"ఎందుకు పరిగెత్తావయ్యా? మొక్కలు బయటపడతాయనా?" అన్నారు డిప్యూటీగారు.

"మొక్కలకి బయమేటి? తొట్టికి బయపడ్డాను బాబూ."

"ఏ తొట్టి?"

అతను కట్టిన చేతులతోనే చూపించాడు. గుడారం వెనక అది ఎండలో మెరుస్తోంది.

"అది కొండ కింద మోగితే పైన ఊరంతా కాళీ అయిపోద్ది. ఎర్ర తలపాగా బుజం మీద సెయ్యేసిందంటే మొయ్యమనే కదా. నిరుడు మోసాను. ఈ బుజమే."

చొక్కా లేదు కనక కాయ కాసిన ఆ భుజాన్ని చూపించడానికి అతనికి శ్రమ కలగలేదు.

డిప్యూటీగారు కలాన్ని సిరాలో ముంచారు, మళ్ళీ ముంచారు. చెడ్డవాడు కాడాయన. కానీ పారిపోవడానికి కారణం తన స్నానమని తన చేత్తో రాసుకోవడం ఏ మేజిస్ట్రేటుకూ అలవాటుండదు. చివరికి, అది అరెస్టని ముద్దాయికి తెలియదు కనక పారిపోయిన నేరం నిలవదన్నారు. గంజాయికి మాత్రం మొక్కలు పీకించి, కచేరీ లేచే వరకు ఖైదు వేశారు. తీర్పులో తొట్టి ఊసు లేదు.

ఖైదంటే గుడారం నీడలో కూర్చోవడం. శిక్షలో తనకూ సగం ఉన్నట్టు భార్య కూడా పక్కనే చతికిలబడింది. ఎండ నెత్తికెక్కేసరికి కచేరీ లేచింది. ఇద్దరూ లేచి, ఇంకా ఎండ ఉండగానే చేనుకు చేరాలని గబగబా అడుగులు వేశారు.

మేమూ మకాం ఎత్తుతున్నాం. మోసేవాళ్ళు చాలలేదు. ఊళ్ళో మనుషులు ఏమయ్యారో ఆ పూట కొత్తగా ఆరా తీయవలసిన పని లేకపోయింది. తొట్టికి ఒక మనిషి తక్కువ. కానిస్టేబులు, పాపం, అలవాటు కొద్దీ, వెళ్ళిపోతున్న అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అతను ఈసారి పరిగెత్తలేదు. ఉన్నచోటనే కొయ్యబారిపోయాడు. భార్య మాత్రం కానిస్టేబుల్ని చూడనైనా చూడకుండా డిప్యూటీగారి వైపు తిరిగింది.

"ఇది ఏ సెయ్యి బాబూ? కట్టీసే సెయ్యా, మోయించే సెయ్యా? బేగి సెప్పు. పరిగెట్టాలో వొద్దో మావోడికి తెలవాలి."