తిప్పి ఉంచిన బిళ్ళ

ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, మా పూరీ గేట్ పేటలో, మా పక్కింటి మావయ్య పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే చేపలు తెస్తానని సంచీ పట్టుకుని బయల్దేరినవారు బజారు దాకా కూడా వెళ్ళలేదు, దారిలోనే కూలబడిపోయారట. కబురు వచ్చేసరికి నేను ప్రేమ్ బజార్‌లోని మా ఆఫీసులో ఉన్నాను. సైకిల్ మీద ఇంటికొస్తూ దారంతా ఒకటే అనుకున్నాను, ఈయన చేసిన మేలుకు నోరారా ఒక్క మంచిమాట చెప్పలేదే అని. అందుకే ఇది మీకు చెబుతున్నాను.

ఆయన మాకు బంధువు కాదు. మా పేటలో వరసలకు చుట్టరికంతో పనిలేదు. రైల్వే వర్క్‌షాప్ గేటు దగ్గర టోకెన్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. పెద్ద చెక్కబోర్డు, దాని నిండా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద మనిషి నంబరు. సైరన్ మోగేలోగా ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని లోపలికి పోవాలి. మనుషుల్ని ఆయన నంబర్లతోనే గుర్తుపెట్టుకున్నారు. మా నాన్నను చివరిదాకా "త్రీ సిక్స్‌టీ నైన్" అనే పిలిచారు, నాన్న కూడా ఏమీ అనుకోకుండా పలికేవారు.

రిటైరైన రోజు తోటివాళ్ళు ఒక బిళ్ళ మీద ఆయన నంబరు కొట్టించి ఇచ్చారు. దాన్ని గుమ్మం పక్కన మేకుకు తగిలించారు. ఇంట్లో ఉంటే నంబరు ఇటువైపు, బయటికెళ్తే వీపు ఇటువైపు. తిప్పకుండా గడప దాటింది లేదు. "ఇంట్లో ఉన్నది నానొక్కద్దాన్ని. ఎవులికేటి ఈ హాజరు?" అని అత్తయ్య నవ్వేది.

ఇక నా ఉద్యోగం. ఆన్‌లైన్‌లో పాఠాలు నేర్పే వేదికలకు ప్లగిన్లు రాస్తాను. ఏ కోర్సులోకి ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని ఎప్పుడు బయటికి పంపాలి అన్నది చూసుకునే చిన్న ప్రోగ్రాంలు అవి. ఇది మావయ్యకు చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "అయితే నీదీ గేటు డ్యూటీయేనే!"

నా మొదటి ప్లగిన్ ఒక నర్సింగ్ సహాయకుల కోర్సుకు. అప్పటికి కోర్సుకు వస్తున్నవాళ్ళ లిస్టును శిక్షణ సంస్థవాళ్ళు రోజూ పంపుతారు. అందులో పేరుంటే చేర్చు, లేకపోతే తీసెయ్యి అని రాశాను. చాలా తెలివిగా రాశానని మురిసిపోయాను కూడా. ఒకరోజు సాలువా నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పురుటి కోసం మూడు వారాలు రాలేకపోయిందట, దాంతో లిస్టులో పేరు లేదు. నా ప్రోగ్రాం ఆమెను తీసేసి, ఆమె చదివిన పాఠాలూ, రాసిన పరీక్షల మార్కులూ అన్నీ తుడిచిపెట్టేసింది. ఆఖరి పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. "దీదీ, మేరా తో నామ్ హీ నహీ హై," అంది, అసలు నా పేరే లేదక్కా అని. ఏడ్చి ఉంటే నన్ను నేను తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. ఆమె ఏడవలేదు.

సాయంత్రం అరుగు మీద కూలబడ్డ నన్ను మావయ్య చూశారు.

"ఏటైందే గుంటా, మొకం అలగుంది?"

చెప్పాను.

"మూడు వారాలు రాపోతే మనిషినే పీకీసినావా?"

"లిస్టులో పేరు నేదు మావయ్యా. పురుడని ప్రోగ్రాంకేటి తెలుస్తాది?"

"ప్రోగ్రాం నువ్వే కదేటి రాసినావు?"

ఒళ్ళు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది. ఆయన నా పక్కనే కూర్చున్నారు.

"కొత్తల్లో నానూ ఒకడిది పీకీసినాను. ఫిట్టరు. రెండు నెల్లు రానేదు. పనొగ్గీసినాడనుకొని ఆడి మేకు ఇంకొకడికి ఇచ్చీసినాను. పచ్చకామెర్లు తగ్గి వచ్చినాడు. బోర్డు ముందల నిలబడి ఎతుకుతన్నాడు, ఎతుకుతన్నాడు. ఆయాల్నించి రానోడి బిళ్ళ ఎనక్కి తిప్పినాను గానీ తియ్యనేదు. రానోడు యేరు, లేనోడు యేరు, అమ్మా."

మర్నాడు పాత బ్యాకప్ వెతికి ఆవిడ మార్కులన్నీ వెనక్కి తెచ్చాను. ఆ తర్వాత ప్లగిన్‌లో ఆ ఒక్క చోట మార్చాను. లిస్టులో పేరు లేకపోతే తలుపు మూసుకుంటుంది అంతే, చదివిందీ రాసిందీ ఎక్కడివక్కడ ఉంటాయి. పేరు మళ్ళీ వస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆవిడ పరీక్ష రాసింది, పాసైంది. మావయ్యకు చెబితే "ఠీక్ హై" అని, చేపల ధర గురించి మాట్లాడారు.

అప్పట్నుంచి నేను రాసే ప్రతి ప్లగిన్‌లో ఆ చోట తెలుగులో ఒక లైను ఉంటుంది, "బిళ్ళ తిప్పు, పీకకు" అని. మా ఆఫీసులో మేం దాదా, అంటే అన్నా, అని పిలిచే బెంగాలీ ఒకాయన ఇదేం మంత్రమని అడిగాడు. మంత్రమే అన్నాను.

మంగళవారం ఆ ఇల్లంతా జనం. గుమ్మం దగ్గర బిళ్ళ వీపు ఇటువైపు తిరిగి ఉంది. పొద్దున వెళ్తూ ఆయన తిప్పిందే. ఈ రద్దీలో ఎవరి చెయ్యో తగిలి పడిపోతుందని, తీసి లోపల దాచబోయాను.

"ఒగ్గీవే," అంది అత్తయ్య. "ఆయన తిప్పి ఎల్లినారు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగింది. ఆయన డ్యూటీ దిగి వచ్చే రోజుల్నాటి అలవాటుగా అత్తయ్య గుమ్మం వైపు చూసింది. రోజూ ఆయన తుడిచి మెరిపించిన నంబరు గోడవైపే ఉంది.