నడుములు ఎదురుపడని గిటారు

నేను చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. అయినా ఇప్పటికి మూడు వందల పన్నెండు కరెంటు గిటార్లకు ఒళ్లు చెక్కాను. పదకొండుమందికి పని నేర్పాను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. ఆ పదకొండుమందిలో మొదటివాడు నా బావమరిది. ఈ నాలుగు ముక్కలూ వాడి గురించే.

వాడికి భయం ఎక్కువ. ఇరవై ఆరేళ్లుగా రంపం మిషను మీదే ఉన్నా, స్విచ్ వేసే ముందు పది వేళ్లూ చూసుకుంటాడు. "ఉన్నాయిలేరా, ఎక్కడికీ పోలేదు" అని వాళ్లక్క, అంటే మా ఆవిడ, ఏడిపిస్తుంటుంది.

ఒకరోజు గిటారు వాయించే ఒకావిడ చెక్క పలక తెచ్చింది. చనిపోయిన వాళ్లమ్మ కుట్టుమిషను బల్ల పైపలక అది. వెన్నుకు ఆపరేషను అయ్యాక ఆవిడ నిలబడి వాయించలేకపోతోంది.

"కూర్చుంటే జారిపోతోంది అన్నయ్యా. నాకు ఆఫ్‌సెట్ కావాలి. పలక ఇదొక్కటే."

ఆ మాటకే మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

గిటారు ఒంటికి రెండు పక్కలా నడుములాంటి నొక్కులుంటాయి. మామూలు గిటారుకి అవి ఎదురెదురుగా ఉంటాయి. ఆఫ్‌సెట్‌కి ఎదురుపడవు. ఒకటి మెడ వైపు జరుగుతుంది, రెండోది వెనక్కి పోతుంది. ఒళ్లంతా పక్కకు వాలినట్టు కనిపిస్తుంది, తొడ మీద కుదురుగా కూర్చుంటుంది. మెడకు రెండు పక్కలా పొడుచుకొచ్చే కొమ్ములు ఎగుడుదిగుడుగా ఉంటే చాలనుకుంటారు కొందరు. కాదు, చూడవలసింది నడుములనే.

మామూలు వాటికి మా దగ్గర సగం ఒంటికే నమూనా అట్ట ఉంటుంది. ఒక పక్క గీసి, అట్ట తిరగేసి రెండో పక్క గీస్తాం. ఆఫ్‌సెట్‌కి ఆ పద్ధతి పనికిరాదు. అందుకే నిండు అట్ట కోసిచ్చి, జిగురు తేవడానికి బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి రంపం ఆగి ఉంది. మావాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమైందిరా? వేలా?"

"వేలైతే బాగుండేది బావా."

పలక చూశాను. భయంలో వాడి చేతులు పాత అలవాటుకే పోయాయి. ఒక పక్క సరిగ్గా గీసి, నిండు అట్టను కూడా తిరగేసి రెండో పక్క గీశాడు. రెండు నడుములూ ఎదురెదురుగా వచ్చాయి. నిండుగా ఉబ్బి ఉండవలసిన చోట రంపం రెండు వేళ్ల లోతు దిగింది. ఆవిడకు ఏం చెప్పాలి? అలాంటి పలక ఎక్కడ దొరుకుతుంది?

అట్టను కోత లేని అంచు వైపు జరిపి, సరిగ్గా పెట్టి మళ్లీ గీశాను. కోత కొత్త గీతకు గోరు మందం బయటే ఆగింది.

"బతికాం" అంది అప్పటికే ఇంట్లోంచి వచ్చి చూస్తున్న మా ఆవిడ.

"ఇంకా లేదక్కా. ఆ గోరు మందంలోంచే రంపం పోవాలి. బావా, నువ్వే కొయ్యి."

రంపం ముందు నిలబడ్డాను. ఏడాదిగా నా కుడికన్ను గీతను రెండుగా చూపిస్తోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరోజు చెప్పాల్సి వచ్చింది.

"రెండు కనిపిస్తున్నాయిరా. ఏది అసలుదో తెలీడం లేదు."

వాడు నన్ను పక్కకు జరిపి పలక అందుకున్నాడు. పది వేళ్లూ చూసుకుని స్విచ్ వేశాడు. రంపం శబ్దంలో మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముక్క కింద పడింది. వాడు అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు, మళ్లీ పోనిచ్చాడు. ఎక్కడా గాటు లేదు.

సాయంత్రం పలక తెచ్చిన ఆవిడ వచ్చింది. ఇంకా మెడ బిగించని ఆ ఒంటిని కుడి తొడ మీద పెట్టుకుని, మెల్లగా రెండు చేతులూ వదిలేసింది. మావాడు చూడలేక వీధిలోకి వెళ్లిపోయాడు.

"జారిందా అక్కా?" అని అక్కణ్నుంచే అరిచాడు.

"జారలేదురా. లోపలికి రా" అంది మా ఆవిడ.