పక్కన కూర్చునే ఉద్యోగం

బుధవారం పొద్దున అంగడి షట్టర్ ఎత్తి, ముందురోజు గిరాకీలు చిందరవందర చేసి పోయిన చీరలు మడత పెడుతుంటే ఫోన్ వచ్చింది. అక్క కూతురు. "అన్నా, అమ్మ తెల్లారుజామున పోయినాది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తాండాము. సాయంత్రం మట్టి చేస్తాము" అంది. ఇంకా చాలామందికి చెప్పాలని వెంటనే పెట్టేసింది. నేను చేతిలో ఉన్న చీర మడత పూర్తి చేశాను. తర్వాత ఇంకొకటి తీసుకున్నాను. నేను వేసుకునే మాత్రల వల్ల ఏ కబురైనా నా లోపలికి చేరడానికి కొంచెం సేపు పడుతుంది. మూడో చీర దగ్గర చేతులు ఆగిపోయాయి.

అక్క అంటే నా తోడబుట్టినామె కాదు. ఆమెది గోనెగండ్ల, మాది ఆదోని. ఆమె ఒక సంస్థలో పనిచేసేది. మానసిక జబ్బు వచ్చి, మందులతో కాస్త కుదుటపడిన వాళ్లను ఏదో ఒక పనిలో చేర్పించి, అందులో నిలదొక్కుకునేదాకా పక్కన కూర్చోవడం ఆమె ఉద్యోగం. మా అంగట్లో వాళ్లకు ఈ సంగతి తెలిసినప్పుడు, "పక్కన కూసునేదానికి గూడా జీతమిస్తారా?" అని నోరు తెరిచారు. ఇచ్చేవాళ్లు, కొన్నాళ్లు.

నాకు జబ్బు వచ్చింది డిగ్రీ చివరి సంవత్సరంలో. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. వాటి సంగతి ఇక్కడ వద్దు, విని విని నాకే విసుగు. కర్నూలులో చూపించారు, తగ్గింది. తగ్గింది అంటే మాటలు తగ్గాయి, నిద్ర పెరిగింది. మా అన్న వాళ్లనూ వీళ్లనూ బతిమాలి నన్ను పనికి పెట్టించేవాడు. అన్నిచోట్లా ఒకటే కథ. కొన్నాళ్లు బాగానే పోయేవాడిని. ఒకరోజు పొద్దున లేవలేకపోయేవాడిని. ఆ రోజు పోలేదు గనక మరుసటి రోజు పోవడానికి మొహం చెల్లేది కాదు. ఆ తర్వాత ఆ వీధి వైపే నడిచేవాడిని కాదు. నన్ను ఎవరూ తీసేయలేదు, నేనే మాయమైపోయేవాడిని. "పింఛను వస్తుంది కదా, ఇంట్లో ఉండరాదా" అనేది మా వదిన. ఆమెది చెడ్డ మనసేం కాదు, ఆమె కూడా అలిసిపోయింది.

అలాంటి రోజుల్లో అక్క మా ఇంటికి వచ్చింది. మోకాళ్ల నొప్పితో మెట్లను తిడుతూ ఎక్కి, మంచినీళ్లు అడిగి తాగి, నీకేం చేయడం ఇష్టమని నన్ను అడిగింది. నన్ను అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అందరూ మా అన్నను అడిగేవాళ్లు. నాకేమీ తోచలేదు. గుడ్డల వాసన బాగుంటుందన్నాను. ఆమె నవ్వకుండా, "సరేప్పా, గుడ్డలంగడే ఎతుకుదాం" అంది.

ఆదోనిలో గుడ్డలంగళ్లకు కొదవలేదు. నన్ను చేర్చుకునే అంగడికే కొదవ. కడకు మా సేటు దగ్గరికి వచ్చాం. సేటు నన్ను పైనుంచి కిందికి చూసి, గిరాకీల మీద పడితే ఎట్లమ్మా అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, నేను విననట్టే అడిగాడు. అక్క ఆయన గద్దె మీదనే ఒక మూల కూలబడి చెప్పింది. "పడితే నా మీద పడతాడు సేటూ. మధ్యలో నేనుంటా కదా."

అట్లా ఇద్దరం చేరాం. జీతం నాకు, తిట్లు ఆమెకు. ఎందుకంటే చీర మడత పెట్టడం అక్కకు చేతకాలేదు. అంచు అంచు కలపడం నేను త్వరగానే పట్టుకున్నాను గానీ, ఆమె మడత ఎప్పుడూ ఒక పక్కకు జారేది. సేటు ఆమె మడతలు విప్పి నా ముందు పడేసేవాడు. నేను సరిచేసేవాడిని. ఆమె నా చేతుల వైపు చూస్తూ సంచిలోంచి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తీసి, అంగట్లో తినకూడదని సేటు అరిచేదాకా తినేది. ఆమె నా వేలు పట్టుకుని ఏమీ నేర్పలేదు. ఆమె ఉందన్న ధైర్యంతో నేనే నేర్చుకున్నాను.

కొన్ని వారాలకు ఆమె నా పక్కనుంచి లేచి స్తంభం దగ్గరికి పోయింది. ఇంకొన్నాళ్లకు గడప దగ్గరికి. తర్వాత వీధి దాటి ఎదురు హోటల్ బెంచీ మీదికి. హోటల్ అంటే టీ, ఉగ్గాని, బజ్జి దొరికే చోటు, అంతే. జరిగిన ప్రతిసారీ చెప్పి జరిగేది. "నేను జరుగుతాండా. నువ్వు కదలాకు." నేను తల ఎత్తితే బెంచీ మీద ఆమె కనిపించేది. సగం సమయం కునుకు తీస్తూ ఉండేది. ఆ కునుకు చూసినా నాకు నిమ్మళంగానే ఉండేది.

ఆమె నాకు నిజంగా కూర్చోబెట్టి నేర్పింది ఒక్కటే, సెలవు అడగడం. ఆ బెంచీ మీదనే. బాసిపట్టు వేసుకుని, మెడ నిక్కించి, "నేనే సేటు, అడుగు" అనేది. నేను నవ్వితే కోప్పడేది. నాకు బాగలేదు, ఈ రోజు రాలేను అని అడిగితే, గిరాకీ ఉంది పో పొమ్మనేది. మళ్లీ అడగాలి. మళ్లీ పొమ్మనేది. మూడోసారికి ఇచ్చేది. ఇచ్చాక కూడా వదిలేది కాదు. "రేపొస్తా అని సెప్పల్ల. ఆ మాట సెప్పితే సెలవు, సెప్పకపోతే మాయమైపోయినట్టు. నీ జబ్బుకి సేటేమీ భయపడ్లేదప్పా, నువ్వు మాయమైపోతావని భయపడతాండాడు" అనేది.

ఇదంతా నెమ్మదిగా జరిగే పని. డబ్బిచ్చేవాళ్లకు నెమ్మది నచ్చదు. ఒకసారి సంస్థకు నిధులిచ్చే వాళ్ల తరఫున ఒక సారు కారులో వచ్చాడు. మంచి మనిషే, నాతో చేయి కలిపాడు. ఇతనికి పని దొరికింది కదా, ఇంకా మీరెందుకు వస్తున్నారు, ఎన్నాళ్లు వస్తారు అని అక్కను అడిగాడు. అక్క అప్పటికే రెండు బస్సులు మారి వచ్చి ఉంది, మోకాలు వాచి ఉంది. "కాలు ఇరిగినోనికి కట్టె ఇచ్చినారు సార్. నడుస్తాండాడని కట్టె గుంజుకుంటారా?" అంది. ఆ సారు తల ఊపి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో గానీ, ఆ ఏడు గడిచాక నిధులు ఆగిపోయాయి.

డబ్బు అసలు రాలేదని చెప్పలేను. ఇంకో దాత ఇచ్చాడు, శిక్షణకు. కుట్టుమిషన్లు వచ్చాయి. రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగారు. అక్క నన్ను చూడ్డానికి తీసుకుపోయింది. గదినిండా మిషన్లు వరసగా ఉన్నాయి. మాలో చాలామందికి చేతులు వణుకుతాయి, మాత్రల వల్ల. దారం ఎక్కించడమే ఒక పూట పని. అయినా నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. నేర్చుకున్నాక ఎక్కడ చేరాలి, చేరాక పక్కన ఎవరుండాలి అన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా పైసా లేదు. తిరిగి వస్తుంటే అక్క చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "మిషను ఫోటోకి బాగుంటాది. నేను కూసున్నేది ఫోటో తీస్తే ఏముంటాది సెప్పు? కూసున్నట్టుంటాది."

ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ నవ్వులో ఓపిక లేదు. ఆమె అర్జీలు పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగింది. ప్రతిచోటా మర్యాదగానే విన్నారు. ఇలాంటి పనికి మా దగ్గర పద్దు లేదమ్మా అని చెప్పారు. ఆమె ఆఖరికి తన ఊళ్లో బడిలో వంటపనికి చేరింది. పిల్లలకు అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, గురువారం మధ్యాహ్నం మాత్రం బస్సెక్కి ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి వచ్చేది. మా వైపు ఆ రోజును బేస్తవారం అంటాం. ఆ బేస్తవారం జీతం ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రం నేను వీధి దాటి పోయి రెండు అని వేళ్లు చూపిస్తే, హోటలాయన ఒకటి మామూలు టీ, ఒకటి చక్కెర లేని టీ కలిపేవాడు. చక్కెర లేనిది ఆమెకు.

ఒక్క మనిషి, ఒక్క గురువారం. అందరి దగ్గరికీ పోలేకపోయింది. నాలాంటివాడే ఇంకొకడు, ఈరన్న. అతన్ని ఆమె జిన్నింగ్ మిల్లులో పెట్టించింది. దూది మూటల దగ్గర బాగానే చేసేవాడు. ఆమె రాకపోకలు తగ్గాక ఒక వారం అతనికి బాగలేదు. చెప్పకుండా మానేశాడు. ఆమెకు తెలిసేసరికి ఆ చోటులో ఇంకొకరు చేరిపోయారు. అతను ఎక్కువ రోజులు ఉరుకుంద గుడి దగ్గరే గడిపేస్తున్నాడని విని ఆమె చాలా బాధపడింది. ఆ గురువారం టీ సగం తాగి వదిలేసింది. మనిషి చాలా నలిగిపోయినట్టు కనిపించడం మొదలైంది అప్పుడే.

ఇదంతా తలలో తిరుగుతుండగా మూడో చీర పక్కన పెట్టి సేటు దగ్గరికి పోయాను. నాకు భయమేసింది. ఆమె పోయిందన్న బాధ కంటే ముందు ఆ భయమే వచ్చింది, ఇంక నేను నిలబడగలనా అని. "సేటూ, మా అక్క పోయినాది. గోనెగండ్లకి పోవల్ల. రేపొస్తా" అన్నాను. సేటు ఎదురు బెంచీ వైపు చూశాడు. తర్వాత, నా తరఫున కూడా ఒక పూలమాల తీసుకుపో అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "మడత మాత్రం రాలేదు పాపం ఆమెకి" అన్నాడు.

గోనెగండ్లలో వాళ్ల ఇంటిముందు షామియానా వేశారు. ప్రార్థన జరుగుతోంది. ఆమె నిద్రపోతున్నట్టుందని అందరూ అంటున్నారు. ఆమె నిద్ర నాకు బాగా తెలుసు, బెంచీ మీద ఎన్నోసార్లు చూశాను. అది వేరు. నేను రెండు మాలలూ వేసి పక్కకు వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. మాత్రలు కూడా అడ్డుపడలేదు.

అక్కడ సుంకమ్మ కనిపించింది. ఎమ్మిగనూరులో ఒక హోటల్‌లో పూరీలు ఒత్తుతుంది, ఆమెనూ అక్కే పెట్టించింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నా పక్కన నిలబడి, మెల్లగా అడిగింది.

"నీకు సెలవు ఎవురు అడిగినారన్నా?"

"నేనే అడిగినా."

"నేను గూడా నేనే అడిగినా. ఒక తూరికి ఇయ్యలేదు. మల్లా అడిగినా."

"రేపొస్తా అని సెప్పినావా?"

"సెప్పకుండా ఎట్లొస్తా?" అంది సుంకమ్మ.

మా ఇద్దరి వెనక ఈరన్న ఉన్నాడని అప్పుడు చూశాను. వాళ్లమ్మ చెబితే ఉరుకుంద నుంచి వచ్చాడట. గడ్డం పెరిగి ఉంది. మా మాటలు విన్నాడు. "నాకా బాద ల్యా. సెలవు అడిగేకి పని ఉండల్ల గదా" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. సుంకమ్మ అతని చేయి పట్టుకుంది. అక్క నాకు దొరికినన్ని రోజులు అతనికీ దొరికి ఉంటే అతను కూడా ఎవరినో సెలవు అడిగి వచ్చేవాడు. అక్క లోపం ఏమీ లేదు అందులో, అతని లోపం కూడా లేదు.

మట్టి చేశాక నేను, ఈరన్న ఒకే బస్సులో ఆదోనికి వచ్చాం. దారి పొడవునా అతను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు, అక్క మీ అంగడి కాడికి వచ్చేది బేస్తవారమే గదా అని అడిగాడు. అవునన్నాను.

"రేపు బేస్తవారమే. నేనొచ్చి ఆడ కూసుంటా. నువ్వు పని సేసుకో."

వస్తాడని నేను అనుకోలేదు. మాలో చాలామంది వస్తామని చెప్పి రాలేకపోతాం, ఆ సంగతి నాకు తెలుసు. పైగా నేనే పోగలనో లేదో అన్న పరిస్థితి. తెల్లారి ఒళ్లంతా బరువుగా ఉంది. పడుకుని సీలింగ్ చూస్తుంటే, మాయమైపోతే ఎంత సుఖమో అనిపించింది. కానీ రేపొస్తా అని సేటుకు చెప్పి వచ్చాను. లేచి పోయాను.

రోజంతా తల ఎత్తలేదు. ఎత్తితే ఖాళీ బెంచీ కనిపిస్తుందని. సాయంత్రం, ఆమె వచ్చే వేళకు, అలవాటు ఆగక ఎత్తాను. ఈరన్న కూర్చుని ఉన్నాడు. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని మా అంగట్లోకే చూస్తున్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. సేటు కూడా అతన్ని చూశాడు, ఎవరని అడగలేదు.

పది నిమిషాలని చెప్పి వీధి దాటాను. అలవాటుగా రెండు వేళ్లు చూపించాను. హోటలాయనకు ఇంకా కబురు తెలియదు. ఆయన కూడా అలవాటుగానే రెండు గ్లాసులు కలిపి తెచ్చి, ఒకటి నా చేతికిచ్చి, రెండోది ఈరన్నకిచ్చాడు. ఈరన్న ఒక గుక్క తాగి, చక్కెర లేదని మొహం చిట్లించి, నావైపు చూశాడు. తర్వాత గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.