కోడి బోర్లేసిన డీజిల్

జనగామ బస్టాండులో డీజిల్ వాసన తగిలిందంటే నా కాళ్లు ఇప్పటికీ ఒకచోట నిలవవు. నా మొదటి పెద్ద అబద్ధం పుట్టింది ఆ వాసనలోనే.

మా నాయిన పాత ట్రాక్టరు డీజిల్ పంపు కారుతోంది. తెల్లారితే చెరువు నీళ్ల వంతు మాది. ఆ ఒక్కరోజులో మడి దున్నకపోతే ఇక నాటు లేదు. పాలకుర్తి నుంచి వచ్చిన మెకానిక్ యాకూబ్ చాచా పంపు విప్పి, వేలెడంత ఉక్కు కడ్డీలు మూడింటిని, వాటి గొట్టాలతో సహా, మూడు గిన్నెల డీజిల్‌లో నానబెట్టాడు.

"దేని జోడు దానికే. ముట్టకు బిడ్డా," అని చాయ్ తాగడానికి పోయాడు.

ముట్టాను. గిన్నెలు బోర్లాపడ్డాయి. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి కదా అని, డబ్బాలోని డీజిల్‌తో కడిగి తోచినట్లు సర్దేశాను.

చాచా కొత్త సీళ్లు వేసి పంపు బిగించాడు. పొద్దు వాలేదాకా తిప్పినా ట్రాక్టరు పొగ కక్కిందే గాని స్టార్టు కాలేదు. నాయిన చెరువు వైపు నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ తిరిగొస్తాడు. చాచా నన్ను పక్కకు పిలిచి, గిన్నెలు ముట్టినవా అని అడిగాడు.

"కోడి బోర్లేసింది చాచా!"

"అట్లనా? మరి కడిగి గిన్నెలల్ల సర్దింది గూడ కోడేనా?"

చాచా మళ్లీ అంతా విప్పి, ఒక్కో కడ్డీని ఒక్కో గొట్టంలో జార్చి చూస్తూ జోళ్లు కలిపాడు. ఈసారి ట్రాక్టరు స్టార్టయింది.

"గింత సేపేంది యాకూబ్?" అన్నాడు నాయిన.

"నాదే తప్పు పటేలా. సీలు వంకర కూసోవెట్టిన."

"గిదేం పనితనమయ్యా!"

చాచా తల దించుకుని పానాలు సర్దుకున్నాడు.

ఆ తర్వాత నేను ఊరూరా చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు. చాచాలా ఇంకొకరి కోసం నా పరువు నేనే తీసుకున్న అబద్ధం మాత్రం వాటిలో ఒక్కటీ లేదు.