గార్డుగారి బావిలో ఆటుపోట్లు

ఖరగ్‌పూర్‌లో నా చివరి పోస్టింగు వర్క్స్ విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు వచ్చిన వేసవిలో ఈ సంగతి జరిగింది. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లూ, పూరీ గేట్ వైపు పోయే నీటి లైన్లూ నా సెక్షన్ కిందకు వచ్చేవి. హోదా పేరు పొడవే గానీ పని చిన్న మాటల్లో చెప్పొచ్చు: పైకప్పు కారకూడదు, కుళాయి ఎండకూడదు, మురుగు పొంగకూడదు. వీటిలో ఏది తప్పినా జనం ఆఫీసుకు కాదు, నేరుగా మా ఇంటికి వచ్చేవారు.

అంతకు ముందు ఏడు వానలు ముఖం చాటేశాయి. ఏప్రిల్ వచ్చేసరికి, ఊరికి నీళ్లిచ్చే నదిలో పంపుల దగ్గర ఇసుక తేలింది. పైనుంచి సర్క్యులర్ వచ్చింది. కుళాయిలు ఉదయం ఆరింటికి ముప్పావుగంట, సాయంత్రం ఐదింటికి ముప్పావుగంట. సరఫరా నీటితో తోటలు తడపరాదు, వాహనాలు కడగరాదు. తప్పు చేస్తే నోటీసు, మళ్లీ చేస్తే కనెక్షన్ కోత. కాగితం అడుగున 'అమలు బాధ్యత' అని నా హోదా రాసి ఉంది.

లైను చివర ఉండే క్వార్టర్లను మేం టెయిల్ ఎండ్ అంటాం. ముందున్నవాళ్లు పట్టుకోగా మిగిలిందే వాళ్లకు. ఆ వేసవిలో ఏమీ మిగల్లేదు. నా క్వార్టరూ టెయిల్ ఎండులోనే ఉంది. ఊరికి నీళ్లు వదిలేవాడి భార్య బిందె పట్టుకుని పక్క వీధికి పోవడం చూసి జనం నవ్వుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఒక సోమవారం పైడమ్మ అనే ఆవిడ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు.

"మా పిల్లల తానాలకి నీళ్లు నేవు గానీ, ఆ గార్డు బాబు గడ్డికి రెండుపూటలా తానాలు సేయిస్తన్నాడు. ఏటి బాబూ, ఇది నాయమేనా?" అంది.

గార్డు బాబు అంటే సింహాచలంగారు. గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ ఆయన ఒప్పుకోరు. ముప్పయ్యయిదేళ్లు గూడ్సు చివరి బ్రేక్‌వ్యానులో బొగ్గు దుమ్మూ, ఇనుప ఖనిజం దుమ్మూ తిన్నారు. రిటైరయ్యాక పచ్చగడ్డి మీద చెప్పుల్లేకుండా నడవాలన్నది ఆయన కోరిక. రైల్వే హద్దు గోడకు ఆనుకుని, గోడకు అవతల సొంత స్థలంలో ఇల్లు కట్టుకుని, ముందు లాను పెంచారు. మేకలు వస్తే ఎర్రజెండా చూపించి విజిల్ ఊదేవారు. మేకలు సిగ్నలును ఖాతరు చేసేవి కావు.

ఊరంతా గోధుమరంగుకు తిరిగిన ఆ నెలలో ఆ లాను ఒక్కటే చిలకపచ్చగా ఉంది. జనం గుసగుసలు ఆయన చెవిన పడ్డాయి కాబోలు, గేటుకు నాలుగు భాషల్లో బోర్డు తగిలించారు: 'ఇది మా సొంత బావి నీరు. రైల్వే నీరు కాదు. అనుమానం ఉన్నవారు లోపలికి వచ్చి చూసుకోవచ్చు. గడ్డి తొక్కరాదు.' బావి లానుకు అవతల ఉండడంతో ఎవరూ వెళ్లి చూసుకోలేకపోయారు.

మా అసిస్టెంట్ ఇంజనీరు కుర్రవాడైనా మాట సూటిగా ఉండేది. సర్క్యులర్లో బావుల ప్రస్తావన లేదు కాబట్టి నిజంగా బావి నీళ్లయితే వదిలేయమన్నారు. దొంగ కుళాయి అయితే రుజువుతో పట్టుకోమన్నారు.

రుజువుకు మా దగ్గర ఒక సాధనం ఉంది. సరఫరా నీటిలో క్లోరిన్ కలుపుతాం. బావి నీటిలో అది ఉండదు. గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని కొన్ని చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపురంగుకు తిరుగుతుంది. ఆ పెట్టె పట్టుకుని, పైపు ఫిట్టర్ గోపాల్‌దాను వెంటబెట్టుకుని సాయంత్రం ఐదుకు కాస్త ముందు వెళ్లాను.

"రా నాయినా. అంచు మీంచి నడు," అన్నారు సింహాచలంగారు. బావికి పసుపు, కుంకుమ పూసి ఉన్నాయి. "ఊళ్లో బావులన్నీ ఎండిపోనాయి. మా గంగమ్మని సూడు. పొద్దున్న ఆరింటికోపాలి, సాయంత్రం ఐదింటికోపాలి పొంగుతాది. మా భీమిలి సముద్రానికి నాగ ఆటుపోట్లు!"

ఈ బావికి చోటు చూపినవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగాడట. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి కాయ నిలువుగా లేచి నిలబడిందట. ఆరు, ఐదు అన్న అంకెలు విని గోపాల్‌దా నా వంక చూశాడు. నేను చూడలేదు. బావి నీళ్లు పట్టిన గాజు గొట్టంలోకి చుక్కలు లెక్కపెడుతున్నాను.

నీరు పసుపుపచ్చగా తిరిగింది.

గొట్టాన్ని ఎత్తి చూపించి, వీలైనంత గంభీరంగా, ఇది రైల్వే నీరండీ అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ముప్పయ్యయిదేళ్ల సర్వీసులో నాకు ఒక్క మెమో నేదు. ఇప్పుడు గడ్డి కోసం నీళ్ల దొంగనయిపోనానా? ఎతుకు నాయినా. ఇల్లంతా ఎతుకు. గడ్డి తొక్కినా పర్నేదు," అన్నారు.

వెతికాం. మోటారు నుంచి వచ్చే రబ్బరు గొట్టం తప్ప మరో పైపు కనబడలేదు. చివరికి గోపాల్‌దా నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. ఐదు దాటింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది.

"దాదా, దీవార్ సే ఆ రహా హై!" అని కేకేశాడు. గోడలోంచి వస్తోందట.

సిమెంటు ఒరల సందులోంచి మణికట్టు లావు ధార పడుతోంది, హద్దు గోడ వైపు నుంచి. ఆ నీటిని పరీక్షిస్తే ఇంకా చిక్కటి పసుపు తేలింది. ఫోన్ చేసి ఆ వైపు వాల్వు మూయించాను. కాసేపటికి ధార ఆగింది. తెరిపించాను. మళ్లీ వచ్చింది. సముద్రం సంగతి తేలిపోయింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. గోడ అవతల ఒకప్పుడు పాత క్వార్టర్లు ఉండేవి. వాటిని కూల్చినప్పుడు వాటి లైను చివర ఇనుప ప్లేటు బిగించి మూయాలి. ఆ రోజు జోరున వాన. పని అయిందని ఎవరో చెబితే నేను వెళ్లి చూడకుండానే రిజిస్టరులో 'మూసివేయబడింది' అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు తవ్విస్తే ప్లేటు లేదు. చెక్క బిరడా కొట్టి వదిలేశారు. అది కుళ్లి ఊడిపోయింది. పైపు కొసకూ సింహాచలంగారి బావికీ మధ్య మూరెడు మట్టి ఉంది. కొబ్బరికాయ అబద్ధం చెప్పలేదు.

ఆ పూటే ప్లేటు బిగించాం. సాయంత్రం టెయిల్ ఎండులో కుళాయిలు బుసకొట్టి, దగ్గి, నీళ్లు పోశాయి. మా ఆవిడ బకెట్లన్నీ నింపి, అప్పుడు నాతో మాట్లాడింది.

రిపోర్టు మిగిలింది. పైపు తుప్పుపట్టిందని రాసేయమని గోపాల్‌దా సలహా ఇచ్చాడు. తుప్పు మీద ఎవరూ చర్య తీసుకోరు. నిజం చెప్పాలంటే సగం పేజీ అలాగే రాశాను కూడా. ఇంతలో సింహాచలంగారు ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు. తాను దొంగ కాదని ఒక కాగితం కావాలన్నారు.

"తుప్పని రాస్తే జనం నమ్మరు నాయినా. గార్డే కన్నం పెట్టినాడంటారు," అన్నారు, బల్ల మీది సగం పేజీ చూసి.

సగం పేజీ చింపి, రిజిస్టరు పేజీ నంబరు, నా సంతకంతో సహా మళ్లీ రాశాను. నాకు సంజాయిషీ మెమో వచ్చింది, తర్వాత లిఖితపూర్వక హెచ్చరిక. సింహాచలంగారు తనకిచ్చిన రిపోర్టు కాపీని గేటు దగ్గర నిలబడి తెలుగులో, హిందీలో, బెంగాలీలో చదివి వినిపించారు. నా పేరు వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచేవారని విన్నాను.

నాలుగు రోజుల్లో బావి బురదకు దిగింది. రెండు వారాల్లో లాను గోధుమరంగుకు తిరిగింది. చూడ్డానికి వెళితే ఆయన ఎండిన గడ్డి మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"నా పరువు మిగిల్చినావు. గడ్డి పోనాది," అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తేల్చుకోలేకపోయాను.

అంతలో పైడమ్మ బకెట్టుతో లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. "బియ్యం కడిగిన నీళ్లు బాబూ. నేనే కదా ఆ బాబుని దొంగన్నాను," అని, గోడవార మంచమంత మేర మిగిలిన పచ్చని గడ్డి మీద పోసింది. సరఫరా నీటితో తోట తడపరాదన్న సర్క్యులర్ నాకు కంఠతా వచ్చు. బియ్యం కడిగాక అది సరఫరా నీరో కాదో అందులో రాయలేదు. నేను ఎవరినీ అడగలేదు.

ఈ వ్యవహారంలో నేర్చుకున్నది రెండు ముక్కలు. నీటి దొంగతనం ఫిర్యాదు వస్తే, ఫిర్యాదుదారు చూపించిన ఇంటికి వెళ్లే ముందు మన పాత లైన్ల మ్యాపు తెరవాలి. మట్టిలో పూడ్చే పనిని, పూడ్చక ముందు కళ్లతో చూడందే పుస్తకంలో రాయకూడదు. ఆ తర్వాతి రెండేళ్లూ వానొచ్చినా గొడుగు వేసుకుని గోతి దగ్గర నిలబడ్డాను.